ఊఁ కొట్టిన పలక

బోధన్‌లో మా చర్చి వెనక వీధికి మొదటి ఫోను ఏసుదానం ఇంటికే వచ్చింది. అర్జీ పెట్టిన ఐదేండ్లకు, తొంభై ఎనిమిదిలో, క్రిస్మస్ ముందర లైన్‌మన్ నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. ఆ రోజు ఏసుదానం భార్య జ్ఞానమ్మ వీధి అందరికీ చాయ్ పోసింది. సాయంత్రానికల్లా ఆ నంబరు కూడా వీధి అందరిదీ అయిపోయింది.

అప్పట్లో ఇంట్లో ఫోను లేనివాళ్లు పక్కింటి నంబరు ఇచ్చి, పక్కన పీపీ అని రాసేవాళ్లు. పెండ్లి పత్రికలమీద, రేషన్ కార్డుల వెనక, గల్ఫ్‌కు పోయేవాళ్ల చిన్న డైరీల్లో మొదటి పేజీలో, అన్నిచోట్లా ఏసుదానం నంబరే. మా తమ్ముడు నాకు చేసినా అక్కడికే చేసేవాడు. ఎవరికి వచ్చినా జ్ఞానమ్మ "పెట్టెయ్యకు అన్నా, పట్టుకో, పిలుస్త" అని రిసీవరును బల్లమీద పడుకోబెట్టి వీధిలోకి పరుగెత్తేది. పొయ్యిమీద పాలు పొంగిపోయిన రోజులు ఎన్నో. ఒక్కనాడు కూడా విసుక్కోవడం నేను వినలేదు.

ఏసుదానం చదివింది మిషన్ బడిలో పదో తరగతి, ఆపైన నిజామాబాద్‌లో ఐటీఐ. బస్టాండ్ దగ్గర మోటార్ల వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. చుట్టుపక్కల చెరుకు పొలాల్లో కాలిపోయిన మోటార్లన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. నల్లగా మాడిన తీగ ఊడదీసి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పూసి పంపేవాడు. పొట్టి మనిషి, మాట తక్కువ. చేతులమీద ఎప్పుడూ వార్నిష్ వాసన. ఆదివారం చర్చిలో నా ముందు వరుసలో కూర్చుంటే ఆ వాసనతోనే ఆయన వచ్చినట్టు తెలిసేది.

ఆయనకు ఇంకో లోకం ఉండేది. అది ఎనభై ఆరులో మొదలైంది. ఐటీఐ చదివేటప్పుడు ఒక కాలేజీ ల్యాబులో ఫ్యాన్లు బిగించడానికి పోయి, బల్లమీద ఒక పచ్చ పలక చూశాడు. దానిమీద చిన్న చిన్న మీటలు, ఎర్రగా వెలిగే ఆరు అంకెలు. తెర లేదు, పెట్టె లేదు. కంప్యూటర్ అంతా ఆ ఒక్క పలకే. ల్యాబు సారు బాలనర్సయ్య ఈయన నిచ్చెన దిగకుండా చూస్తుండడం గమనించి, "దిగు, ముట్టుకొని సూడు" అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మీటలు నొక్కించి, రెండు అంకెలు కూడడం దానికి నేర్పించాడు. రెండు, మూడు ఇస్తే ఐదు వెలిగింది.

"పంతులమ్మా, గా అయిదు నాకింక కండ్లల్లనే ఉన్నది" అనేవాడు నాతో. పదిహేనేండ్ల తరువాత కూడా అనేవాడు.

పెండ్లయిన కొత్తలో అటువంటిదే ఒకటి చెడిపోయినది సంపాదించి బాగుచేసుకున్నాడు. దానికి ఒక పెద్ద లోపం. కరెంటు పోతే నేర్చుకున్నదంతా మరిచిపోతుంది. మా దగ్గర కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోతుందో చెప్పనక్కరలేదు. వచ్చిన ప్రతిసారీ నోటుబుక్కులో రాసుకున్న వరుస మొదటినుంచీ నొక్కాలి. జ్ఞానమ్మ నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని చదివేది, ఆయన నొక్కేవాడు. "మూడు, ఈ. సున్న, ఒకటి. డీ, మూడు." ఇట్లా నాలుగు పేజీలు. వంటింట్లో బియ్యం ఏరుతూ ఏసుదానం తల్లి శారమ్మ వినేది.

"ఇదేం ప్రార్థన కోడలా," అన్నదట ఒకనాడు, "ఆమెన్ ఎప్పుడొస్తది?"

ఆ పలకతో ఆయన నీళ్ల ట్యాంకు నిండితే మోటారు ఆగేటట్టు చేశాడు. చర్చిలో ప్రార్థనకు పది నిమిషాల ముందు లైటు వెలిగేటట్టు చేశాడు. ఇవన్నీ చిన్న పనులు. నేను చెప్పదలచినది రెండు వేల రెండో సంవత్సరం సంగతి.

వర్ని రోడ్డుమీద రామకోటేశ్వరరావు గారని పెద్ద రైతు ఉన్నారు. కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తానుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. వాళ్ల చెరుకు బండ్లు తూచే కాటాకు ఒక ఎలక్ట్రానిక్ డబ్బా ఉండేది. పిడుగు పడి అది పనిచేయడం మానేసింది. ఏసుదానం మోటారు బిగించడానికి పోయినప్పుడు ఆ డబ్బా పశువుల కొట్టంలో గడ్డిమీద పడి ఉన్నది. మూత తీసి చూస్తే లోపల అరచేతికి రెండింతలు ఉన్న పలక ఒకటి. ఈసారిది కూడికల పలక కాదు. చిన్న డిస్కుతో సహా మొత్తం కంప్యూటర్.

"అది పోయిందయ్యా," అన్నారు రావుగారు. "కంపెనీవాడే వద్దని పారేశాడు. పట్టుకుపో. బాగుపడితే మా గేదెల పేర్లు రాసిపెట్టు అందులో, మా ఆవిడ మర్చిపోతోంది."

కాలిపోయింది కరెంటు ఇచ్చే భాగమే. పలకకు ఏమీ కాలేదు. ఏసుదానం దానికి ట్రాక్టర్ బ్యాటరీ తగిలించాడు, ఇక కరెంటు పోయినా మరిచిపోదు. అందులో ఏ ప్రోగ్రాం వేయాలని నిజామాబాద్ పోయి బాలనర్సయ్య సారును అడిగాడు. రిటైరు కావడానికి దగ్గరపడ్డ ఆ సారు, ఒక పత్రికతో వచ్చిన సీడీ ఇచ్చాడు. లినక్స్ అని, ఎన్నో దేశాలవాళ్లు రాసి, ఎవరైనా వాడుకోండని ఊరికే పంచిపెట్టారని చెప్పాడు.

"ఎవల కోసం రాసిండ్రు సార్?"

"నీ కోసమే అనుకో."

ఏసుదానం ఆ సంగతి నాకు చెప్పినప్పుడు ఆశ్చర్యపడింది కంప్యూటరును గురించి కాదు. "మొకం తెల్వనోల్లకు ఇచ్చిండ్రు పంతులమ్మా. మనం పక్కింటికి చాట ఇయ్యనీకె ఆలోచిస్తం" అన్నాడు.

పలకను పాత రేకు పెట్టెలో పెట్టి, బల్లులు దూరకుండా దోమతెర గుడ్డ బిగించాడు. నాలుగు నెలలు దానితోనే కుస్తీ. ఎందుకంటే ఆయన మనసులో ఒక పని ఉన్నది. పగటిపూట వాళ్ల ఇంటికి తాళం. ఆయన షాపులో ఉంటాడు. జ్ఞానమ్మ ఆసుపత్రిలో ఆయాగా పోతుంది. శారమ్మ బస్టాండులో జామకాయలు, వేయించిన పల్లీలు అమ్ముతుంది. ఆ వేళల్లో లోపల ఫోను మోగి మోగి ఆగిపోయేది. వీధిలో మేము వినేవాళ్లం. ఎక్కడో ఎడారిలో ఒక మనిషి వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక మోగించి ఉంటాడు. ఆ మోత నాకు మధ్యాహ్నం అన్నం తింటుంటే వినబడేది.

దానికే ఏసుదానం ఉపాయం చేశాడు. ఫోను తీగను కంప్యూటరుకు కలిపే మోడెం అనే డబ్బా ఒకటి తెచ్చాడు. ఐదుసార్లు మోగినా ఎవరూ ఎత్తకపోతే పలకే ఎత్తుతుంది. ఏసుదానం గొంతు వినిపిస్తుంది. ఆపైన అవతలివాళ్లు చెప్పింది దాచుకుంటుంది. సాయంత్రం తాళం తీసి చూస్తే, ఎన్ని మాటలు ఉంటే అన్నిసార్లు చిన్న లైటు మిణుకుమంటుంది. మాట ఎవరిదో వాళ్లకు కబురుపెట్టి పిలిచి వినిపించాలి.

ముందు మాట ఆయన రేడియో వార్తలవాళ్లలాగ చదివి రికార్డు చేశాడు. "ఇది ఏసుదానం నివాసము. ప్రస్తుతము గృహమునందు ఎవరును లేరు. శబ్దము వచ్చిన పిదప తమ సందేశమును తెలుపగలరు." వీధంతా పడిపడి నవ్వారు. "గృహమునందు ఉన్నవా ఏసన్నా?" అని గోడ మీదినుంచి అడిగేవాళ్లు.

మొదటి నెలలో బాగానే పనిచేసింది. మా తమ్ముడి మాట కూడా అందులో వచ్చింది. కాని దూరంనుంచి చేసేవాళ్ల మాటలు ఎందుకో మధ్యలోనే తెగిపోయేవి. ఇందులో ఒక సంగతి ఉంది. ఎనిమిది సెకండ్లు ఎవరూ మాట్లాడకపోతే, అవతలి మనిషి పెట్టేశాడని అనుకుని పలక లైను ఆపేస్తుంది. అట్లా ఆపకపోతే ఖాళీ చప్పుడుతోనే డిస్కు నిండిపోతుంది, వెనక వచ్చేవాళ్లకు లైను దొరకదు. తెగినవాళ్లు మళ్లీ చేస్తారులే అనుకున్నాడు ఏసుదానం. నర్సింలు సంగతి వచ్చేదాకా దానిని అంతగా పట్టించుకోలేదు.

నర్సింలుది చందూర్. రావుగారి దగ్గర జీతం ఉండి, మోటార్లు బండిలో వేసుకుని ఏసుదానం షాపుకు తెచ్చేవాడు. మోటారు తయారయ్యేదాకా శారమ్మ గంప దగ్గర కూర్చుని ఇంటి సంగతులన్నీ ఆమెకు చెప్పుకునేవాడు. ఏడాదిన్నర కింద షార్జా పోయాడు. భార్య బాలవ్వ రావుగారి పొలంలోనే చెరుకు కోతకు పోతుంది. రెండు శుక్రవారాలకు ఒకసారి ఆమె బస్సులో వచ్చి ఏసుదానం ఇంట్లో కూర్చునేది, నర్సింలు ఫోను చేసేవాడు. దసరా తరువాత ఆ ఫోను ఆగిపోయింది. ఉత్తరం లేదు. పాత కంపెనీకి చేస్తే అది మూతపడిందన్నారు.

నవంబరులో ఒక మంగళవారం సాయంత్రం లైటు మిణుకుమన్నది. "హలో... ఏసన్నా? నేను నర్సింలును. చందూర్ నర్సింలు." అంతే. ఆపైన తెగిపోయింది.

పది రోజులకు ఇంకొకటి. "ఏసన్నా, మా బాలవ్వకు చెప్పున్రి. నేను పాత కంపెనీల లేను. గిప్పుడు..." అక్కడ తెగిపోయింది.

బాలవ్వ వచ్చి విన్నది. చేతివేళ్లకు చెరుకాకు కోసుకుపోకుండా గుడ్డ పేలికలు చుట్టుకుని, పొలంనుంచి అట్లాగే వచ్చింది. ఏడుసార్లు పెట్టించుకుని విన్నది. ఆరోసారికి జ్ఞానమ్మ ముఖం తిప్పుకుంది.

"గిప్పుడు అన్నంక ఏమన్న అన్నడా అన్నా? జర గట్టిగ పెడితే ఇనస్తదా?"

"లేదు చెల్లె. గా తర్వాత మిషిని ఆపేసింది."

బాలవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మనిషి ఉన్నడని తెల్సింది. ఏడున్నడో తెల్వదు. సగం అన్నం తిని లేసినట్టున్నది." ఆయనను తప్పుపట్టినట్టు ఒక్క మాట అనలేదు. అందుకే ఏసుదానానికి అది ఎక్కువ తగిలింది.

దానికి ఒక గడువు కూడా వచ్చి పడింది. చందూర్‌వాడే లక్ష్మీరాజం షార్జాలో పెద్ద కంపెనీలో మేస్త్రీ. సెలవుమీద ఇంటికి వచ్చాడు, డిసెంబరు పందొమ్మిదిన తిరిగి పోతున్నాడు. "జాగ చెప్పు వదినె, పోయి నేను తోల్కపోత. మా కంపెనీల పని ఇప్పిస్త. జాగ తెల్వకుంట అంత పెద్ద ఊర్ల ఏడ దేవులాడాలె?" అన్నాడు బాలవ్వతో. ఈలోపల నర్సింలు ఎక్కడున్నాడో తెలియాలి.

ఏసుదానం వైండింగ్ పని పక్కన పెట్టేశాడు. డిస్కు చూశాడు, తీగలు చూశాడు, ఎక్స్‌చేంజికి పోయి లైను పరీక్ష చేయించాడు. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి ఎనిమిది సెకండ్లను ఇరవై ఐదు చేశాడు. పొరపాటున డిస్కు నిండినా ఫరవాలేదు, నర్సింలు మాట తెగకూడదు.

డిసెంబరు మొదటి వారంలో మూడో మాట వచ్చింది. "ఏసన్నా, నేనే. బాలవ్వకు..." ఆ వెనక నిశ్శబ్దం. ఈసారి పలక ఆపలేదు. ఒక లారీ హారను వినబడింది. మనిషి ఊపిరి వినబడింది. ఎవరో వెనకనుంచి తొందరపెట్టారు. అప్పుడు నర్సింలే, "ఎవలు లేరు" అని ఎవరితోనో అంటూ పెట్టేశాడు.

ఏసుదానం తల పట్టుకుని కూర్చున్నాడు. "మిషిని తప్పు గాదు. మరి ఏంది తప్పు? చెప్పనీకె చేస్తడు, చెప్పడు."

మరునాడు పదకొండు గంటలకు బస్టాండులో తల్లికి అన్నం గిన్నె ఇవ్వడానికి పోయాడు. శారమ్మ గంప ముందర ముప్కాల్‌నుంచి వచ్చిన ముసలాయన ఒకడు గొంతుక్కూర్చుని ఉన్నాడు. తమ్ముడితో భూమి తగాదా చెబుతున్నాడు. శారమ్మ ఆయన ముఖం కూడా చూడడం లేదు. పల్లీలు పొట్లం కడుతూ, ప్రతి మాట చివర "ఊఁ" అంటున్నది. ముసలాయన మాట కాలువలో నీళ్లలాగ సాగుతున్నది. ఇంతలో కామారెడ్డి బస్సు వచ్చింది. శారమ్మ కిటికీలోంచి పొట్లం అందించడానికి లేచింది. ఊఁ ఆగింది. ముసలాయన "గప్పుడు మా తమ్ముడు" అని అక్కడే ఆగిపోయాడు. నోరు తెరిచి ఉన్నాడు, మాట లేదు. ఆమె తిరిగి వచ్చేదాకా ఎదురు చూసి, "ఇంటున్నవా అవ్వా?" అన్నాడు.

"ఊఁ, తమ్ముడు?" అన్నది శారమ్మ. నీళ్లు మళ్లీ సాగాయి.

ఏసుదానం అన్నం గిన్నె చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఈ సంగతి ఆయన నాకు చెప్పినప్పుడు నాకు మా బడిపిల్లలు గుర్తుకొచ్చారు. కథ చెప్పమంటే, ఎదుటి బెంచీవాడు ఊఁ కొడితేనే చెబుతారు. మనం అందరం అంతే కదా. ఊఁ అననిదే మనకు మాట ముందుకు పోదు. ఆ ఎడారిలో నర్సింలు గృహమునందు ఎవరును లేరని విన్నాడు. ఒక మాట అన్నాడు. ఊఁ కోసం ఆగాడు. అవతలనుంచి రాలేదు.

సాయంత్రం ఏసుదానం తల్లిని కూర్చోబెట్టి విషయం చెప్పాడు. మనిషి ఆగినప్పుడల్లా పలక ఆమె గొంతుతో ఊఁ అనాలి. అందుకు ఆమె ఊఁలు నాలుగైదు రికార్డు చేయాలి.

శారమ్మ ఒప్పుకోలేదు. "ఎవలు లేని ఇంట్ల నేను ఊ కొట్టుడేంది, దయ్యం లెక్క?"

"నువ్వు గాదమ్మా, నీ గొంతు."

"గదే అంటున్న. నేనింటలేను. ఇంటున్న అని చెప్పినట్టయితది. గది అబద్ధం గాదా కొడుకా? గా పిల్లగాడు నమ్మి కష్టం చెప్పుకుంటడు, నేను బస్టాండ్ల పల్లీలమ్ముతుంట. రేపు దేవుడడిగితే ఏం చెప్పాలె?"

ఏసుదానం మైకును తిరిగి పెట్టెమీద పెట్టేశాడు. పలకకు ఎన్నో నేర్పాడు కాని తల్లికి ఎదురు చెప్పడం ఆయనకు రాదు.

పొద్దున్నే ప్రార్థన అయిన తరువాత శారమ్మ తనే పిలిచింది. "కొడుకా, ఒక పని చేద్దం. రోజూ మునిమాపుల, దీపం పెట్టినంక, గా పెట్టెల ఎవలేం చెప్పిండ్రో అన్నీ నాకు ఇనిపియ్యాలె. ఒక్కటి గూడ ఇడ్వొద్దు. నేను కూసోని ఇంట, వాళ్ల కోసం ప్రార్థన చేస్త. గట్లయితే నా ఊఁ అబద్ధం గాదు. పొద్దుగాల బాకీ పడ్డది సాయంత్రం తీర్చినట్టు."

రికార్డు చేయడం అనుకున్నంత సులువు కాలేదు. ఏసుదానం మైకు ముందుపెట్టి "ఇగ ఊఁ అను" అంటే, ఆమె పన్ను నొప్పి ఉన్నదానిలాగ మూలిగింది. మళ్లీ చేస్తే దగ్గొచ్చింది.

"ఉట్టిగ ఊఁ ఎట్లస్తది? ఎవలన్న చెప్తే గద ఒచ్చేది" అన్నది.

జ్ఞానమ్మ చేటలో చింతపండు గింజలు తీస్తూ ఎదురుగా కూర్చుంది. ఆసుపత్రి సంగతి ఒకటి మొదలుపెట్టింది. ఎవరో బాలింత, ఆమె తల్లి దూరంనుంచి వచ్చి చేయి పట్టుకుని కూర్చున్న సంగతి. చెబుతూ చెబుతూ తన తల్లి సంగతిలోకి పోయింది. తల్లి పోయిన రోజు కబురు ఆలస్యంగా అందిందని, తాను పోయేసరికి అంతా అయిపోయిందని, ఇప్పటికీ ఫోను మోగితే ముందు అదే గుర్తొస్తుందని. పదేండ్ల కాపురంలో ఆ మాట ఆమె అత్తకు ఎన్నడూ చెప్పలేదు. శారమ్మ ఒక్కో మాటకు ఊఁ అంటూ విన్నది. "ఊఁ." "ఊఁ, చెప్పు బిడ్డా." "ఊఁ, గప్పుడు?" ఏసుదానం మైకు పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పలకలోకి పోయిన ఐదు ఊఁలు ఆ సాయంత్రంవే.

జ్ఞానమ్మ ఎందుకు పాలు పొంగినా లెక్కచేయక పరుగెత్తేదో ఈ సంగతి విన్నాకనే నాకు తెలిసింది.

మనిషి మూడు సెకండ్లు ఆగితే ఆ ఐదింట్లో ఏదో ఒక ఊఁ. మూడు ఊఁలకు కూడా మాట రాకపోతే లైను ఆపడం. ఈ ప్రోగ్రాం రాయడానికి ఏసుదానానికి ఐదు రోజులు పట్టింది. మోడెంకు ఒకేసారి మాట్లాడడం, వినడం రెండూ చేతకావు. ఊఁ అన్నంతసేపు రికార్డు ఆపాలి, మళ్లీ మొదలుపెట్టాలి. వినేటప్పుడు ఊఁ ఉన్నచోట టిక్కుమని చిన్న చప్పుడే వినబడుతుంది. రేడియో వార్తల గొంతు తీసేసి, జ్ఞానమ్మ గొంతు పెట్టాడు: "ఏసన్న ఇల్లే. చెప్పున్రి, ఇంటున్నం." పరీక్షకని నన్ను బస్టాండు దగ్గరి ఫోను బూత్‌కు తీసుకుపోయి నా చేత కూడా చేయించాడు. రెండు మాటలు చెప్పి పెట్టేద్దామనుకున్న నేను, శారమ్మ ఊఁ విని, మా ఇంటి మేక తప్పిపోయిన సంగతంతా చెప్పాను.

రోజులు గడుస్తున్నాయి. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు పేరు చెప్పకుండా దూరంలో ఉన్న ఒక సహోదరుని కోసం ప్రార్థన చేయించారు. ముందు వరుసలో వార్నిష్ వాసన కదలకుండా ఉన్నది.

పదహారో తారీకు సోమవారం, జ్ఞానమ్మ తాళం తీసేసరికి లైటు మిణుకుమంటున్నది. మొదటి రెండు మాటలు విని, ఆపి, ఆమె నేరుగా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "నర్సింలన్నదే. ఈసారి పొడుగున్నది. బాలవ్వ లేంది మనం ఇనొద్దు." రావుగారి ఇంటికి ఫోను చేశాం. దీపాలు పెట్టే వేళకు ఆయనే జీపులో బాలవ్వను తెచ్చారు. ఆమె ముందు సీటులో కూర్చోనని దిగబోతే, "కూర్చోమ్మా, నా జీపు అరిగిపోదు" అన్నారట.

అందరం కూర్చున్నాం. ఏసుదానం మీట నొక్కాడు.

"ఏసన్నా, నేను నర్సింలు. పాత కంపెనీ మూతపడ్డది."

టిక్కుమన్నది.

"ఊఁ" అన్నది శారమ్మ, మా మధ్యనే కూర్చుని.

"మమ్ముల ఇర్వై మందిని వేరే కాడికి తోలిండ్రు. పాస్‌పోర్టులు వాళ్లకాన్నే ఉన్నయి. ఫోను దగ్గరికి ఎప్పుడో గాని పంపరు. పానం మంచిగనే ఉన్నది."

"ఊఁ."

"షార్జాలనే ఉన్న. ఊరవతల, లారీల అడ్డ దాటినంక రేకుల షెడ్లుంటయి. మూలమీద కేరళాయన కిరాణ దుకాణం. గాయిన మంచోడు. ఆయన నెంబరు చెప్త, రాస్కోన్రి."

జ్ఞానమ్మ గోడమీది క్యాలెండరు అంచున రాసింది. ఏసుదానం రెండుసార్లు వెనక్కి తిప్పి సరిచూశాడు. బాలవ్వ కూర్చున్నచోటనే మోకాళ్లు పట్టుకుని ఉన్నది. ఇంకా మాట ఉన్నది.

"అవ్వా, గొంతు నీదే గద. జామకాయలు వచ్చినయా?"

టిక్కు.

"ఊఁ, వచ్చినయి" అన్నది శారమ్మ.

"బాలవ్వను చేతులకు గుడ్డ మంచిగ కట్టుకొమ్మను. ఎనుకట ఒకసారి పుండైంది. సరే అవ్వా, పెడుతున్న. ఎన్క లైన్ల మస్తు మందున్నరు."

రావుగారు కండ్లద్దాలు తుడుచుకుని లేచారు. "పదండి, విదేశాలకు బూత్‌నుంచే చెయ్యాలి, మూసేస్తాడు" అన్నారు.

బస్టాండు దగ్గర బూత్‌లో, అద్దాల తలుపు వెనక, కేరళ దుకాణం నంబరు కలిసింది. ఆయన భాష మాకు రాదు, మా భాష ఆయనకు రాదు. నర్సింలు అన్న పేరు ఒక్కటి చాలింది. ఎవరినో పిలవడం, చెప్పుల చప్పుడు దూరంనుంచి దగ్గరికి రావడం వినబడ్డాయట. బాలవ్వ రిసీవరు రెండు చేతులతో పట్టుకుంది. రెండు నెలలుగా చెప్పాలనుకున్నవాటిలో ఏది ముందు చెప్పాలో తేలక ఆగిపోయింది. మేము బయటినుంచి అద్దంలోంచి చూస్తున్నాం. కొంచెం సేపటికి అవతలనుంచి ఆయన ఏమన్నాడో మాకు వినబడలేదు. ఎంతో చిన్న మాట అయి ఉంటుంది. ఆమె ముఖం సడలింది.

"బర్రె ఈనింది," అని మొదలుపెట్టింది. "పెయ్యదూడ."

లక్ష్మీరాజం అనుకున్నట్టే పందొమ్మిదిన పోయాడు. నర్సింలు పాస్‌పోర్టు చేతికి రావడానికి మూడు నెలలు పట్టింది కాని, వచ్చింది. లక్ష్మీరాజం కంపెనీలోనే రెండేండ్లు చేసి ఇంటికి వచ్చాడు. చందూర్ బస్సు ఎక్కకముందే మా బస్టాండులో దిగి శారమ్మ గంప ముందర కూర్చున్నాడు. ఆమె ఆయనను చూసి మంచి జామకాయ ఒకటి ఏరి ఇచ్చి, ముందుగా తన మనసులో ఉన్నది బయటపెట్టింది.

"బిడ్డా, గా నాడు ఫోన్ల ఊఁ అన్నది నేను గాదు. పెట్టె. నన్ను మాఫ్ చెయ్యి."

"నాకు తెల్సు అవ్వా. మూడోపారి అన్నది మొదటిదాని లెక్కనే ఉండె."

"తెల్సి మరి ఎందుకు చెప్పినవు?"

నర్సింలు జామకాయ కొరికి, నమిలి, మింగిన తరువాత అన్నాడు. "ఎన్కనన్న, తీరినప్పుడు ఇంటవు గద అని."

"ఊఁ" అన్నది శారమ్మ.